సీటు ఇచ్చారు, పాఠం మరిచారు: బడి దాటిన వికలాంగ విద్యార్థి కథ

ఒక చట్టంలో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఏ అధ్యాయంలో రాశారన్నదీ అంతే ముఖ్యం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఐదో అధ్యాయం విద్యకు, ఆరో అధ్యాయం ఉద్యోగాలకు సంబంధించినవి. ప్రభుత్వ విద్యాసంస్థలు, ప్రభుత్వ సాయం పొందే విద్యాసంస్థలు కనీసం 3 శాతం సీట్లను వికలాంగులకు కేటాయించాలని చెప్పే 39వ సెక్షన్ ఎక్కడ ఉండాలి? ఎవరిని అడిగినా ఐదో అధ్యాయమనే అంటారు. చట్టం రాసినవారు దాన్ని ఆరో అధ్యాయంలో, ఉద్యోగాల సెక్షన్ల నడుమ పెట్టారు. ఫలితంగా ఆ సెక్షన్ చెబుతున్నది ఉద్యోగాల గురించేనని కేరళ హైకోర్టు భావించింది. అది విద్యాసంస్థల్లోని సీట్లకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2002లో తేల్చి చెప్పవలసి వచ్చింది. అప్పటికి చట్టం అమల్లోకి వచ్చి ఆరేళ్లు గడిచాయి.

దీన్ని ముసాయిదా రాసినవారి పరాకుగా కొట్టిపారేయవచ్చు. నేనలా అనుకోను. వికలాంగుల చదువు అనగానే మన రాజ్యవ్యవస్థకు మొదట బడి గుర్తొస్తుంది, ఆ వెంటనే ఉపాధి గుర్తొస్తుంది. ఈ రెంటికీ నడుమ ఇంటర్మీడియెట్, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ కళాశాల అనే సుదీర్ఘమైన దారి ఒకటుంది. పదిహేనో ఏట బడి దాటిన పిల్లవాడు ఇరవై రెండో ఏట కొలువు వాకిట నిలబడేలోగా నడవవలసిన దారి అది. ఆ దారిలో అతనికి పాఠం చెప్పేవారికి ఏం తెలిసి ఉండాలన్న ప్రశ్నను స్వతంత్ర భారతం ఏ దశలోనూ సూటిగా వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

దయ నుంచి ప్రణాళికకు

మన దేశంలో అంధులకు, బధిరులకు ఆధునిక పాఠశాలలు 19వ శతాబ్ది చివరి పాదంలో మొదలయ్యాయి. బొంబాయిలో బధిరుల పాఠశాల 1880లలో వచ్చింది. 1887లో అమృత్‌సర్‌లో అంధుల పాఠశాలను మిషనరీ మహిళ యానీ షార్ప్ ప్రారంభించారు. అవన్నీ దాతల ఔదార్యం మీద నడిచిన సంస్థలు. అక్కడ పాఠం చెప్పడం వృత్తి కన్నా సేవ కిందే లెక్క. సేవకు ప్రమాణాలు అడగడం అమర్యాద అనిపించుకుంటుంది. ఆ మర్యాద మనల్ని చాలాకాలం వెంటాడింది.

యుద్ధానంతర విద్యాభివృద్ధిపై 1944లో వచ్చిన సార్జెంట్ నివేదిక ఈ ధోరణిని మొదటిసారి ప్రశ్నించింది. వికలాంగుల విద్య జాతీయ విద్యావ్యవస్థలో విడదీయరాని భాగంగా ఉండాలని, ప్రభుత్వాలు దాన్ని పూర్తిగా స్వచ్ఛంద సంస్థలకు వదిలేయరాదని చెప్పింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ కూడా ఇదే మాటను మరింత బలంగా అన్నది. రెండు నివేదికలూ అల్మారాల్లో భద్రంగా ఉన్నాయి.

నడుమ కొన్ని మంచి పనులు జరగకపోలేదు. ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా ఉన్న బ్రెయిలీ సంకేతాలను ఏకం చేసి 1951లో భారతీ బ్రెయిలీని ఖాయం చేశారు. నేటి తెలుగు బ్రెయిలీ ఆ కుటుంబానిదే. శ్యామాప్రసాద్ ముఖర్జీ మరణంతో ఖాళీ అయిన కలకత్తా స్థానానికి 1953లో జరిగిన ఉపఎన్నికలో కమ్యూనిస్టు న్యాయవాది సాధన్ గుప్తా గెలిచారు. అంధుడైన ఒక పార్లమెంటు సభ్యుణ్ని లోక్‌సభ అప్పుడే తొలిసారి చూసింది. తరువాతి దశాబ్దాల్లో, పోలియో సోకిన కాళ్లతో, ఊతకర్రల సాయంతో మన జైపాల్‌రెడ్డి అదే భవనం మెట్లెక్కి దేశంలోని మేటి పార్లమెంటు వక్తల్లో ఒకరయ్యారు. వికలాంగులు చట్టసభల దాకా వెళ్లగలిగారు. ఆ సభలు వికలాంగుల గురించి తీరిగ్గా ఆలోచించడానికి మాత్రం మరెంతో కాలం పట్టింది.

వృత్తి విద్య కథ మరోలా నడిచింది. పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో బోధించేవారిని తయారుచేసేందుకు 1948లోనే బిలాస్‌పూర్ సమీపంలోని కోనిలో కేంద్ర శిక్షణాలయం ఏర్పడింది. 1950లో వృత్తి శిక్షణ పథకం మొదలైంది. ఫిట్టరు, టర్నరు, ఎలక్ట్రీషియన్ పని నేర్పేవాడికి కూడా బోధన శిక్షణ అవసరమని ఆనాటి పాలకులు గుర్తించడం గొప్ప విషయమే. వికలాంగుల వంతు వచ్చేసరికి వారు వేరే దారి వేశారు. 1968లో బొంబాయిలోను, మన హైదరాబాదులోను వికలాంగుల కోసం ప్రత్యేకంగా వృత్తి పునరావాస కేంద్రాలు తెరిచారు. ఐటీఐ ఒకచోట, పునరావాస కేంద్రం మరోచోట. ఐటీఐ శిక్షకుడు తన తరగతిలోకి చెవిటి విద్యార్థి వస్తాడని ఊహించవలసిన అవసరం లేకుండా పోయింది. ఆ కేంద్రాలు వేలమందికి మేలు చేసి ఉండవచ్చు. అయితే ప్రధాన స్రవంతిలోని బోధకుణ్ని బాధ్యత నుంచి విముక్తుణ్ని చేసిందీ అవే.

వృత్తికి గుర్తింపు, వృత్తి చుట్టూ గోడ

1974లో వికలాంగ బాలలను సాధారణ బడుల్లో చేర్చే సమీకృత విద్యా పథకం వచ్చింది. దాన్ని మొదలుపెట్టింది సాంఘిక సంక్షేమ శాఖ. ఎనిమిదేళ్ల తర్వాత, 1982లో గానీ ఆ పథకం విద్యాశాఖ చేతికి రాలేదు. 1977లో కేంద్రం దిగువ శ్రేణి ఉద్యోగాల్లో 3 శాతం కోటా ప్రకటించింది. 1980 మార్చిలో ఢిల్లీ వీధుల్లో ఊరేగింపు తీసిన అంధుల మీద పోలీసులు లాఠీలు ఝళిపించారు. ఆ మరుసటి ఏడాదే అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరం. ప్రపంచం ముందు చూపుకోవడానికి ఏదో ఒకటి ఉండాలన్న తొందర ఢిల్లీకి పట్టుకుంది. జాతీయ సంస్థలు వరుసగా ఏర్పడ్డాయి. వాటిలో ఒకటి 1984లో సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. బుద్ధిమాంద్యం గల పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయుల తయారీకి దేశంలో శాస్త్రీయమైన పునాది వేసిన కేంద్రాల్లో అది ముఖ్యమైనది.

ఈ కొత్త వృత్తికి ఒక నియంత్రణ కావాలన్న ఆలోచనతో 1986లో భారత పునరావాస మండలి ఒక సొసైటీగా పుట్టింది. 1992లో పార్లమెంటు దానికి చట్టం చేసింది. 1993లో అది చట్టబద్ధ సంస్థ అయింది. వికలాంగులకు పాఠం చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయుడు గుర్తింపు పొందిన కోర్సు చదవాలి, మండలి రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. నమోదు లేకుండా వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దయాధర్మాల మీద సాగిన పనికి ఒక దేశం వృత్తి గౌరవం, వృత్తి క్రమశిక్షణ రెండూ ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆ మేరకు 1992 చట్టాన్ని మెచ్చుకోవాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, సరిగ్గా ఆ మరుసటి ఏడాదే, 1993లో సాధారణ ఉపాధ్యాయ విద్య కోసం జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చట్టం వచ్చింది. పునరావాస మండలి సంక్షేమ శాఖ గొడుగు కింద ఉంది, ఉపాధ్యాయ విద్యామండలి విద్యాశాఖ గొడుగు కింద ఉంది. ప్రత్యేక ఉపాధ్యాయుడు ఒక రిజిస్టరులో, మామూలు ఉపాధ్యాయుడు మరో చట్టంలో ఉండిపోయారు. బ్రెయిలీ, సంజ్ఞాభాష, పాఠాన్ని అభ్యాసకుడికి తగినట్టు మలచడం వంటివన్నీ ప్రత్యేక ఉపాధ్యాయుడి సొత్తయ్యాయి. మిగతావారు అవి తెలియకపోయినా సంపూర్ణ ఉపాధ్యాయులే. వృత్తి ప్రమాణాలు ఒక వృత్తిని నిలబెట్టాయి, దాని చుట్టూ గోడ కూడా కట్టాయి.

బడి దాటితే ఆ గోడలు ఇంకా పెరుగుతాయి. డిగ్రీ అధ్యాపకుల అర్హతలు యూజీసీ చూస్తుంది. పాలిటెక్నిక్ బోధకుల సంగతి ఏఐసీటీఈ పరిధిలోది. ఐటీఐ శిక్షకుల సంగతి ఒకప్పుడు కార్మిక శాఖది, ఇప్పుడు 2014లో ఏర్పడిన నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖది. మన తెలుగు రాష్ట్రాల్లోనైతే వీటికి తోడు ఇంటర్మీడియెట్ అనే ప్రత్యేక లోకం ఉంది. 11, 12 తరగతులు చాలా రాష్ట్రాల్లో బడిలో భాగం. మనకు 1971లో ఏర్పడిన ఇంటర్ బోర్డు కింద జూనియర్ కళాశాలలు వేరు. ఉన్నత పాఠశాలలో చెప్పేవారికి బీఈడీ తప్పనిసరి కాగా, ప్రభుత్వ జూనియర్ కళాశాల అధ్యాపకుడి నియామకానికి ప్రధాన అర్హత పీజీ పట్టా. విషయం తెలిస్తే చాలు, చెప్పడం అదే వస్తుందన్న నమ్మకం దీని వెనుక ఉంది. చూపు లేని విద్యార్థికి త్రికోణమితి చెప్పవలసి వచ్చిన రోజున ఆ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఊహించుకోవచ్చు.

చట్టంలోని ఒక పదం

1992 డిసెంబరులో బీజింగ్‌లో ఆసియా-పసిఫిక్ వికలాంగుల దశాబ్దాన్ని ప్రకటించారు. దానికి అనుగుణంగా, వికలాంగుల సంఘాల ఒత్తిడి మీద 1995 చట్టం వచ్చింది. 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలోని 29వ సెక్షన్ ఉపాధ్యాయ శిక్షణ గురించి మాట్లాడుతుంది. ప్రత్యేక పాఠశాలలకు, సమీకృత పాఠశాలలకు సరిపడా శిక్షితులు దొరికేలా శిక్షణ సంస్థలు పెట్టాలంటుంది. కళాశాల ఊసు లేదు. సీట్లు కేటాయించమన్న చట్టం, ఆ సీట్లో కూర్చున్నవాడికి ఎవరు ఎలా చెప్పాలో చెప్పలేదు.

ఆ లోటు పూడ్చే ప్రయత్నాలు పథకాల రూపంలో జరిగాయి. 1999-2000లో కేంద్రం 50 పాలిటెక్నిక్‌లను ఎంపికచేసి, వికలాంగులు డిప్లొమా కోర్సుల్లో అందరితో కలిసి చదువుకునేలా వాటిని తీర్చిదిద్దే పథకం ప్రారంభించింది. ఏటా ఒక్కో పాలిటెక్నిక్‌లో 25 మంది డిప్లొమా విద్యార్థులు, మరి కొందరికి స్వల్పకాలిక శిక్షణ దాని లక్ష్యం. యూజీసీ కూడా రెండు పథకాలు నడిపింది. ఒకటి ప్రత్యేక ఉపాధ్యాయులను తయారుచేసే విశ్వవిద్యాలయ విభాగాలకు, రెండోది కళాశాలల్లో వికలాంగులకు సౌకర్యాలు కల్పించడానికి. ఈ రెండోదాని కింద పరికరాలు కొన్నారు, సహాయ విభాగాలు తెరిచారు. పథకానికి నిధులున్నంత కాలం ఆ గది తలుపు తెరిచి ఉంటుంది. అధ్యాపకుడి అర్హతలను, పదోన్నతి నిబంధనలను ముట్టుకోనంత వరకు పరికరం పరికరంగానే ఉంటుంది.

ఈ లోటు ఒక మనిషి జీవితంలో ఎలా కనిపిస్తుందో చెప్పడానికి బొల్లా శ్రీకాంత్ ఉదంతం చాలు. మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టుకతో చూపు లేకుండా జన్మించిన ఆ కుర్రవాడు పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటర్‌లో సైన్సు చదువుతానన్నాడు. చూపు లేనివారికి సైన్సు కుదరదని నాటి ఉమ్మడి రాష్ట్రంలో నిబంధన అడ్డొచ్చింది. కోర్టుకెక్కి గెలిచాడు. తర్వాత ఐఐటీ శిక్షణ కేంద్రాలు చేర్చుకోలేదు. అమెరికాలోని ఎంఐటీ చేర్చుకుంది. తిరిగొచ్చి వికలాంగులకు ఉపాధినిచ్చే పరిశ్రమ పెట్టాడు, 2024లో ఆయన కథ హిందీ సినిమా అయింది. మనం ఆ సినిమాకు చప్పట్లు కొట్టాం. ఇంటర్‌లో చేరడానికి ఒక విద్యార్థి కోర్టుకు వెళ్లవలసి రావడం గురించి చర్చించుకున్నది తక్కువ. కోర్టుకు వెళ్లలేక ఆర్ట్స్ గ్రూపుతో సరిపెట్టుకున్నవారి మీద ఎవరూ సినిమా తీయరు.

2007లో భారత్ ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. ఆ ఒడంబడిక 24వ అధికరణం విద్య గురించినది. అన్ని స్థాయుల విద్యలోను పనిచేసే నిపుణులకు, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, వికలాంగులను కూడా ఉపాధ్యాయులుగా నియమించాలని అది దేశాలను కోరింది. ఉన్నత విద్య, వృత్తి శిక్షణ, వయోజన విద్య, జీవితకాల అభ్యాసం అన్నింటినీ పేరుపేరునా ప్రస్తావించింది.

ఈ ఒడంబడికకు దేశీయ రూపం ఇవ్వడానికే 2016 డిసెంబరులో పార్లమెంటు కొత్త వికలాంగుల హక్కుల చట్టం చేసింది. పెద్దనోట్ల రద్దు రగడతో స్తంభించిన సమావేశాల్లో అధికార, ప్రతిపక్షాలు కలిసి ఆమోదించిన అరుదైన చట్టమది. వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. ఉద్యోగాల కోటా 3 నుంచి 4 శాతమైంది. ఉన్నత విద్యలో సీట్ల కోటా 5 శాతమైంది. ఎంతో మంచి చట్టం. దాని 17వ సెక్షన్‌ను మాత్రం ఒడంబడిక పక్కన పెట్టి చదవండి. అన్ని స్థాయుల విద్య అని ఒడంబడిక అన్నచోట, మన చట్టం పాఠశాల విద్యలోని అన్ని స్థాయులు అని రాసుకుంది. ఒక్క పదం చేరింది. ఆ ఒక్క పదంతో జూనియర్ కళాశాల, డిగ్రీ, పాలిటెక్నిక్, ఐటీఐ బోధకుల శిక్షణ ఆ వాక్యం బయటికి వెళ్లిపోయింది. 1995లో జరిగిందే 2016లోనూ జరిగింది. వయోజన, నిరంతర విద్యకు 18వ సెక్షన్, వృత్తి శిక్షణకు 19వ సెక్షన్ ఉన్నా, అక్కడ బోధించేవారికి ఏం తెలిసి ఉండాలో ఆ రెండూ చెప్పవు.

న్యాయస్థానాలు ఎంతవరకు?

శాసనం వదిలేసిన ఖాళీని పూరించే పని యథాప్రకారం కోర్టులకు వచ్చి పడింది. 2006లో డిజేబుల్డ్ రైట్స్ గ్రూప్ న్యాయ కళాశాలల పరిస్థితిపై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 డిసెంబరు 15న తీర్పు చెప్పింది. అక్కడ మూడు సమస్యలు చర్చకొచ్చాయి: సీట్లు నింపకపోవడం, భవనాలు అనుకూలంగా లేకపోవడం, బోధన పద్ధతి. ఈ మూడోదాన్ని దేశ అత్యున్నత న్యాయస్థానం విడిగా గుర్తించడమే ఒక మలుపు. నిపుణుల కమిటీ వేసి మార్గదర్శకాలు తయారుచేయాలని యూజీసీని ఆదేశించింది. మార్గదర్శకాలు 2022లో వచ్చాయి. మార్గదర్శకం అంటే పాటించినవాడికి మెప్పు ఉంటుంది, పాటించనివాడికి ముప్పు ఉండదు.

2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు సహేతుక సర్దుబాటు దయ కాదని, సమానత్వ హక్కులో అంతర్భాగమని స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో రజనీశ్ కుమార్ పాండే కేసులో, ప్రాథమిక స్థాయిలో పదిమంది వికలాంగ విద్యార్థులకు ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని నిర్దేశించింది. ఆ నిష్పత్తి బడికే. కళాశాలకు, ఐటీఐకి అలాంటి నిష్పత్తి ఏదీ లేదు.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసు తీర్పు వచ్చింది. అందులో హైదరాబాదు నల్సార్ వర్సిటీలోని వికలాంగ అధ్యయన కేంద్రం నివేదిక కీలకమైంది. సౌలభ్య ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన 15వ నియమం చట్టానికే విరుద్ధమని కోర్టు కొట్టివేసింది. తప్పనిసరి నియమాలకూ, స్వచ్ఛందంగా పాటించే మార్గదర్శకాలకూ తేడా చూపిన తీర్పు ఇది. భవనాల విషయంలో కోర్టు చెప్పిన ఈ సూత్రం బోధనకు ఎందుకు వర్తించకూడదు? ర్యాంపు వాలు ఎంత ఉండాలో కొలత చెప్పగలిగిన రాజ్యం, బోర్డు మీద రాసింది చదివి వినిపించమని అధ్యాపకుడికి నియమం పెట్టలేదా?

కొలతల మాటకొస్తే, 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులున్నారు. 2018లో జరిగిన 76వ జాతీయ నమూనా సర్వే ప్రకారం, 15 ఏళ్లు పైబడిన వికలాంగుల్లో సెకండరీ, ఆపై చదువు ఉన్నవారు 19.3 శాతం. పనిలో ఉన్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిపి 23.8 శాతం. ఈ రెండు అంకెలు ఒకదాని పక్కన ఒకటి నిలబడటం యాదృచ్ఛికం కాదు.

గోడకు అవతల

బడి తర్వాతి విద్యలో ఈ ప్రశ్నను సూటిగా వేసుకున్న దేశాల్లో ఇంగ్లండ్ ఒకటి. 1996లో జాన్ టామ్లిన్సన్ కమిటీ ఇచ్చిన నివేదిక, లోపాన్ని విద్యార్థిలో వెతకడం మాని, విద్యార్థికీ బోధనకూ మధ్య పొందికలో వెతకమని చెప్పింది. 2007లో అక్కడి ఫర్దర్ ఎడ్యుకేషన్ కళాశాలల బోధకులకు అర్హతలు తప్పనిసరి చేస్తూ నిబంధనలు వచ్చాయి. 2013లో, పొదుపు రాజకీయాల కాలంలో, వాటిని రద్దుచేశారు. తరువాత వచ్చిన వృత్తి ప్రమాణాలు స్వచ్ఛందమైనవే. వృత్తి ప్రమాణం ఒకసారి సాధిస్తే శాశ్వతం కాదని, దాన్ని కాపాడే రాజకీయ బలం ఉండాలని ఈ కథ చెబుతుంది.

మన ఇరుగుపొరుగున పాకిస్తాన్ 1981లోనే ఉద్యోగ కోటాతో ఆర్డినెన్సు తెచ్చింది. శ్రీలంక 1996లో, బంగ్లాదేశ్ 2013లో, నేపాల్ 2017లో చట్టాలు చేశాయి. పేర్లు, తేదీలు మారినా దక్షిణాసియా అంతటా ఒకటే ఒరవడి. కోటా ప్రకటించడానికి ఒక సంతకం చాలు. బోధకుణ్ని తయారుచేయడానికి ఒక తరం పడుతుంది. ఐదేళ్ల పదవీకాలం ఉన్నవాడు మొదటిదాన్నే ఎంచుకుంటాడు.

పేరు మార్చడం అంతకన్నా సులువు. 2015 చివర ప్రధాని దివ్యాంగులు అన్న మాటను ముందుకు తెచ్చారు. చాలా హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అంటుంది. 2020 జూలైలో, కరోనా కాలంలో, ఇదే కేంద్రం 2016 చట్టంలోని కొన్ని శిక్షా నిబంధనలను సడలించాలని ప్రతిపాదించి, సంఘాలు గట్టిగా ప్రతిఘటించాక వెనక్కి తగ్గింది. పేరులో దివ్యత్వం ఇచ్చి, చట్టంలో కోరలు పీకే ప్రయత్నం ఎవరినీ మభ్యపెట్టలేకపోయింది.

బోధకుడి పక్షాన ఒక మాట

ఇదంతా అధ్యాపకుల మీద నేరారోపణగా చదవవద్దు. నేను మాట్లాడిన పలువురు అధ్యాపకుల్లో అయిష్టం కన్నా నిస్సహాయతే ఎక్కువగా కనిపించింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదనో, గంటల లెక్కన అతిథిగానో పనిచేసే అధ్యాపకుణ్ని కొత్త నైపుణ్యం నేర్చుకోమనడానికి ప్రభుత్వానికి నైతిక హక్కు తక్కువే. వచ్చే ఏడాది తాను ఆ కళాశాలలో ఉంటాడో లేదో తెలియనివాడు సంజ్ఞాభాష నేర్చుకోవడానికి రెండేళ్లు ఎలా వెచ్చిస్తాడు? వృత్తి ప్రమాణం వృత్తి భద్రతతోనే మొదలవుతుంది. ఈ రెంటినీ విడదీసి మాట్లాడేవారు అధ్యాపకుల మీద మరో ఫారం, మరో తనిఖీ మోపుతారంతే.

మరో అభ్యంతరం కూడా న్యాయమైనదే. 21 రకాల వైకల్యాలకు ప్రతి అధ్యాపకుడూ నిపుణుడు కాలేడు. కానవసరం లేదు. వైద్యులందరూ గుండె శస్త్రచికిత్స చేయరు, నాడి పట్టడం మాత్రం అందరికీ వచ్చి ఉండాలి. పాఠ్యాన్ని ముందుగా డిజిటల్ రూపంలో ఇవ్వడం, విద్యార్థి వైపు ముఖం పెట్టి మాట్లాడటం, బొమ్మను మాటల్లో వర్ణించడం, పరీక్షలో సమయం, లేఖకుడి నిబంధనలు తెలిసి ఉండటం, నిపుణుణ్ని ఎప్పుడు పిలవాలో తెలియడం వంటివి బోధనలో నాడి పట్టడమే. ఇవి వికలాంగులకే కాక, వెనుక బెంచీలో కూర్చున్న ప్రతి విద్యార్థికీ పనికొస్తాయి.

బోధకుల్లో వికలాంగులు ఎందరన్న ప్రశ్నా ఉంది. ఉద్యోగ కోటాను గుర్తించిన పోస్టులకే పరిమితం చేయకుండా మొత్తం ఖాళీల మీద లెక్కగట్టాలని చెప్పించుకోవడానికి జాతీయ అంధుల సమాఖ్య 2013 దాకా సుప్రీంకోర్టులో పోరాడింది. అమలాపురం నుంచి వెళ్లి చక్రాల కుర్చీలోంచి ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంగ్లిష్ బోధించిన జి.ఎన్. సాయిబాబా పేరు చెప్పగానే అందరికీ కేసు, జైలు, 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషిగా ప్రకటించడం, ఆ అక్టోబరులో హైదరాబాదులో మరణం గుర్తొస్తాయి. ఆయన రాజకీయాలతో ఏకీభవించకపోయినా ఒక సంగతి గుర్తుంచుకోవచ్చు. ఆ కళాశాల విద్యార్థులు కొన్నేళ్ల పాటు ఒక వికలాంగుణ్ని గురువుగా చూశారు. సానుభూతి ఉపన్యాసాలు వంద విన్నా రాని ఎరుక అది.

ఏం చేయవచ్చు?

చరిత్ర చూశాక నాకు తోచే పనులు నాలుగు. అధ్యాపకుడు ఏ సంస్థ పరిధిలో ఉన్నా, ఉద్యోగంలో చేరిన తొలి రెండేళ్లలో పూర్తిచేయవలసిన ఉమ్మడి సమ్మిళిత బోధన కోర్సు ఒకటి తప్పనిసరి చేయాలి. దానికి పునరావాస మండలి, యూజీసీ, ఏఐసీటీఈ, నైపుణ్య శాఖ, రాష్ట్ర ఇంటర్ బోర్డులు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇన్నేళ్లలో అవి అలా కూర్చున్న దాఖలా నాకు కనబడలేదు. రెండోది, ప్రత్యేక విద్యా నిపుణుడి పోస్టును బడితో ఆపక, కొన్ని కళాశాలలకు కలిపి ఒకటైనా మంజూరు చేయాలి. మూడోది, కళాశాలలకు గ్రేడులిచ్చేటప్పుడు ర్యాంపుల ఫోటోలు కాక, చేరిన వికలాంగ విద్యార్థుల్లో ఎందరు కోర్సు పూర్తిచేశారో అడగాలి. నాలుగోది, ఆ లెక్కను ఏటా చట్టసభల ముందు పెట్టాలి.

ఈ నాలుగింటికీ ఆధారంగా 17వ సెక్షన్‌లో పాఠశాల అన్న ఒక్క పదాన్ని తొలగిస్తే, మనం 2007లో ప్రపంచానికి ఇచ్చిన మాట మన చట్టంలోకి వస్తుంది. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, మూడింట రెండొంతుల మెజారిటీ అక్కర్లేదు. 2016లో ఈ చట్టాన్ని అధికార, ప్రతిపక్షాలు కలిసే ఆమోదించాయి. మన రెండు రాష్ట్రాల నుంచి 42 మంది లోక్‌సభలో ఉన్నారు. వచ్చే సమావేశాల్లో వారిలో ఒక్కరైనా ప్రైవేటు సభ్యుడి బిల్లు రూపంలో ఆ సవరణ ప్రతిపాదిస్తారేమో చూడాలి. ప్రతిపాదించమని అడగవలసింది వారికి ఓటేసిన మనమే.